ఉపగ్రహం పోయే పూట తడిపిన యార్డు

ఆ బుధవారం పొద్దున తిమ్మయ్య బోరు మోటారు వేసి, పైపుతో యార్డంతా తడిపాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకు వాళ్ల ఊరు కల్లూరు మీదుగా ఉపగ్రహం పోతుంది.

అతను నాపరాళ్ల పాలిష్ యూనిట్‌కు వాచ్‌మన్. అక్కడ ట్రాక్టరు కదిలితే చాలు, ఎండిన రాతిబురద తెల్లగా లేస్తుంది. ఆఫీసు మేడ మీద మధులత అనే పరిశోధక విద్యార్థిని దుమ్ము కొలిచే పెట్టె బిగించి రెండేళ్లయింది. 2006లో ఎగిరిన ఆ ఉపగ్రహం కిందికి లేజర్ కాంతి పంపుతుంది. గాలిలోని దుమ్ముకు తగిలి వెనక్కి వచ్చిన వెలుగును బట్టి ఎంత ఎత్తులో ఎంత దుమ్ముందో చెబుతుంది. ఆ లెక్కను నేలమీది పెట్టెతో సరిచూడాలి. పదహారు రోజులకోసారి అది వచ్చే ముందురోజు మధులత ఫోన్ చేసి పెట్టె ఆన్ చేయమనేది. తిమ్మయ్య ఆన్ చేసేవాడు. నీళ్లూ చల్లేవాడు, ట్రాక్టర్లను గేటు బయటే ఆపేవాడు. పెద్దమనుషులొస్తుంటే వాకిలి చిమ్మి కల్లాపి చల్లమా? పైనుంచి చూసేవాళ్లకు తమ యార్డు మురికిగా కనబడకూడదని అతని తాపత్రయం.

ఆ సాయంత్రం మధులత స్క్రూడ్రైవర్‌తో వచ్చింది.

"పెట్టె తీసుకపోతాండా తిమ్మన్నా. పైనుంచి చూస్తే ఊరి మీదంతా దుమ్ము శానా ఉండాదంట. ఇదేమో లేదంటాది. నాకు పెట్టె చూసుకోను చేతగాలేదని మా సారు తిట్టినాడు. రెండేండ్ల పని పోయినట్టే." మెట్లెక్కబోతూ ఆగింది. "నీ తప్పేం లేదులే. ఒక్కనాడన్నా మరిచిపోతివా?"

ఆ మెచ్చుకోలు తిమ్మయ్యకు మింగుడుపడలేదు.

టీ తెచ్చిన భార్య గురమ్మ అతని తడి పంచెకేసి చూసింది. "ఏమయ్యా, దొంగ మాదిరి నిలబడ్నావే! నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నీళ్లు చల్లినా పాపా," అన్నాడు తిమ్మయ్య. "బండ్లు గూడా ఆపినా. మన యార్డు బాగా కనపడాలని..."

"అన్నిసార్లా?"

"అన్నిసార్లూ."

మధులత మెట్టు మీదే కూలబడింది. "ఒక్కసారన్నా బద్ధకించకపోతివి కదప్పా!"

"బద్ధకమంతా ఇంటి పనికేలే," అంది గురమ్మ. ఎవరూ నవ్వలేదు.

"మళ్లీ మొదట్నించీ కొలవాల," అంది మధులత. "ఇంట్లో ఇంకో ఏడాదని యా మొగంతో చెప్పేది?" పెట్టె ముట్టుకోకుండానే వెళ్లిపోయింది. తిమ్మయ్య ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచాడు.

పదహారు రోజులకు ఉపగ్రహం మళ్లీ వచ్చింది. తిమ్మయ్య మోటారు వేయలేదు, ట్రాక్టర్లను ఆపలేదు. మూతికి తువ్వాలు కట్టుకుని మేడెక్కి, పెట్టె మీది దుమ్ము అంకెను మధులతకు ఫోన్‌లో చదివాడు. తువ్వాలు అడ్డొచ్చి మాట సరిగా వినబడలేదు. ఆమె మళ్లీ అడిగింది.

మూడు వందల ఎనభై ఆరు. అంతకుముందు ఏనాడూ అరవై దాటలేదు.