మొదటి ప్రశ్న సార్‌ది

మా సార్ పోయారని గురువారం పొద్దున్నే రేపల్లె నుంచి ఫోను వచ్చింది. అప్పుడు నేను మర్నాటి సెమినార్ నోటీసు టైపు చేస్తున్నాను. సెమినార్ నోటీసు ఆయనకు పంపడం మానేసి ఏడాది దాటింది. ఫోను పెట్టేసి చాలాసేపు కంప్యూటరు ముందే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గు ముందొచ్చింది.

సార్ బాపట్లలో, మా ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పేవారు. ఆయన దగ్గరే చదువుకుని, అక్కడే రీసెర్చ్ చేసి, అక్కడే ఉద్యోగంలో చేరినదాన్ని నేను. మా డిపార్టుమెంటులో ప్రతి శుక్రవారం మూడింటికి సెమినార్ ఉంటుంది. రీసెర్చ్ పిల్లలు తాము చేసిన పని అందరి ముందూ చెప్పాలి. చెప్పడం ఎలాగో అయిపోతుంది. ఆ తర్వాత "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నప్పుడు హాల్లో పడే నిశ్శబ్దం ఉంది చూశారూ, దానికి భయపడే చాలామంది ముందురోజు జ్వరం తెచ్చుకుంటారు. ఎవరూ అడక్కపోతే మన పని ఎవరికీ పట్టలేదని చిన్నతనం. ఏ పెద్దాయనో పట్టుబట్టి అడిగితే పదిమందిలో పరువు పోతుందని భయం. అందుకని మా దగ్గర మొదటి ప్రశ్న సార్‌ది. అది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, ఆయన చేసిన అలవాటు.

మాది అమృతలూరు. ఇంట్లో అందరిదీ వ్యవసాయమే, పదో తరగతి దాకా నా చదువంతా తెలుగులోనే. పంట కాలవల్లో ఒండ్రు ఎలా పేరుకుంటుందన్నది నా రీసెర్చ్. మొదటి సెమినార్ రోజు వరండాలో నిలబడి కాగితాలు తిరగేస్తుంటే సార్ వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఏమ్మా, ఏ ప్రశ్న అడిగితే బాగా చెబుతావు?"

"అంటే ఏంటి సార్?"

"నువ్వు చేసిందాంట్లో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేది ఒకటుంటది కదా. అదేంటో చెప్పు."

కాలవ మలుపు తిరిగే చోట లోపలి ఒడ్డునే ఒండ్రు ఎందుకు చేరుతుందో చెప్పగలనన్నాను. మా చేను పక్క కాలవలో చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అది. ముప్పావు గంట తర్వాత సార్ లేచి, అప్పుడే తట్టినట్టు మొహం పెట్టి, సరిగ్గా ఆ ప్రశ్నే అడిగారు. నా గొంతు పెగిలింది. తర్వాత వేరేవాళ్ళు అడిగినవాటికి కూడా ఏదో ఒకటి చెప్పగలిగాను. అంతా అయ్యాక, "ఇది మోసం కాదా సార్?" అంటే నవ్వారు.

"సమాధానం లేని ప్రశ్న అడిగి మనిషిని నిలబెడితే ఎవరికేం వచ్చుద్దమ్మా? ముందు ఒక్కటి చెప్పనీ. ఆ తర్వాత వాళ్ళే చెబుతారు."

ఆయనేమీ మహర్షి కాదు. సెమినార్ మధ్యలో నిక్షేపంగా కునుకు తీసేవారు. ప్రశ్న ముందే చేతిలో ఉండేది కాబట్టి ఇబ్బంది లేదు. స్లైడ్లలో అక్షరం తప్పుంటే మాత్రం ఎంత కునుకులో ఉన్నా కళ్ళు తెరిచేవారు. టీ ట్రే వస్తే తను తీసుకునేవారు కాదు. "మాట్లాడినోళ్ళకి ముందివ్వవయ్యా, గొంతెండిపోయుంటది" అని అటెండరుకి చెప్పేవారు. పక్కన ప్రిన్సిపాల్ ఉన్నా అంతే.

రిటైరయ్యాక రేపల్లెలో ఉన్నా శుక్రవారం మానలేదు. పొద్దున పాసింజరు ఎక్కి తెనాలిలో దిగి, అక్కడ బండి మారి, చుండూరు మీదుగా బాపట్ల వచ్చేవారు. గంట సెమినార్‌కి రోజంతా ప్రయాణం. ఎండాకాలమైతే సంచిలో తాటిముంజలు కూడా వచ్చేవి.

ఈలోగా సెమినార్ల బాధ్యత నాకు అప్పగించారు. సార్‌కి చెవులు మందగించాయి. ఆయన ప్రశ్న వారం వారం పొడుగవుతూ వచ్చింది. చెప్పిన సమాధానం వినపడక మళ్ళీ అదే అడిగేవారు. ఒకసారి బయట నుంచి పేరున్న ప్రొఫెసరుగారు వచ్చారు. సార్ లేచి తన రోజుల్లో కాలవలు ఎలా తవ్వారో పావుగంట చెప్పి, అడగాల్సిన ప్రశ్న ఏమిటో మర్చిపోయారు. వెనక వరసల్లో నవ్వారు. వచ్చినాయన వాచీ చూసుకున్నారు. సాయంత్రం మా హెడ్డు నన్ను పిలిచి, "మేడమ్, మీ సార్ సంగతి కాస్త మీరే చూడండి" అన్నారు.

చూశాను. ఎలా చూశానో వినండి.

"సార్, ఇకనుంచి సెమినార్లన్నీ ఆన్‌లైనేనండి. లింకు పంపిస్తాను, మీరు ఇంట్లోనే కూర్చుని చూడొచ్చు" అని ఫోనులో చెప్పాను.

"అట్లాగా తల్లీ. మంచిదేలే, తెనాలిలో మెట్లెక్కే బాధ తప్పుద్ది" అన్నారు.

ఆన్‌లైనూ లేదు, లింకూ లేదు. మేం ఎప్పటిలాగే అదే హాల్లో కూర్చున్నాం. ఒక ఫోను బల్ల మీద పెట్టి ఆయనొక్కరికి చూపించడం ఎంత పని? పెడదామనే అనుకున్నాను. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. మధ్యలో సార్ మూడు నాలుగుసార్లు ఫోను చేశారు. మీ ఊళ్ళో నాట్లయ్యాయా, మీ అమ్మగారి మోకాళ్ళెలా ఉన్నాయి అని అడిగారు. సెమినార్ మాటే ఎత్తలేదు. మర్చిపోయారులే అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ గురువారం రేపల్లె వెళ్ళి ఆయన్ని చూసి వచ్చాను. మర్నాటి సెమినార్ వచ్చే వారానికి మార్చాం. ఆ వచ్చే వారం మాట్లాడింది రేపల్లె పక్కన నగరం అనే ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి. ఆమెకు అదే మొదటిది. చెప్పడం ముగించింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నాను. ఎవరూ కదల్లేదు. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని, నన్నే చూస్తూ నిలబడింది. చివరికి ఎవరో ఒక కఠినమైన ప్రశ్న వేశారు. ఆమె తడబడి, కళ్ళ నీళ్ళతో కూర్చుండిపోయింది. ముందుగా వరండాలోకి వెళ్ళి ఆమెను పలకరించాలని నాకు తట్టనే లేదు. ఏడాదిగా ఒక్కరినీ పలకరించలేదు. ఏడాదిగా పిల్లలు ఇలాగే నిలబడుతున్నారని ఆ రోజే నా కళ్ళకు కనిపించింది.

ఆదివారం సార్ పెద్దకర్మ. అబద్ధమాడానని సార్ భార్యకైనా చెప్పుకోవాలని రేపల్లె వెళ్ళాను. ఆవిడను అమ్మగారు అంటాం. భోజనాలయ్యాక ముందు గదిలో ఒంటరిగా దొరికారు.

"అమ్మగారూ, సార్‌కి నేనొక అబద్ధం చెప్పానండి."

"లింకు సంగతేగా? తెలుసులేమ్మా" అన్నారావిడ. కుర్చీ ఎదురుగా ఉన్న స్టూలు వైపు చెయ్యి చూపించారు.

"మొదట్లో శుక్రవారం వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని, అదిగో ఆ స్టూలు మీద ఫోను గ్లాసుకానించి పెట్టుకుని, మూడింటికల్లా ఎదురుగా కూర్చునేవారు. ఫోను పాడైందేమోనని పక్కింటాయనకి చూపించారు కూడా. తర్వాత తెనాలి స్టేషన్లో మీ కాలేజీ పిల్లోడెవరో కనపడ్డాడంట. సెమినార్‌కి రావట్లేదేంటి సార్, మీరు లేకపోతే హాల్లో ఎవరూ నోరు తెరవట్లేదు అన్నాడంట."

నేను వెళ్ళి ఆ స్టూలు పక్కన నిలబడ్డాను.

"నాకైతే కోపమొచ్చింది. ఎందుకిట్లా చేసిందో ఫోను చేసి అడగండి అన్నాను. ఆయన ఊరుకోమన్నారు. దాని దగ్గర సమాధానం ఉండదే, లేందాన్ని అడిగి నిలబెట్టడం దేనికి అన్నారు. నాట్ల సంగతీ, మీ అమ్మ సంగతీ అడిగేవారు కదా, అవైతే నువ్వు చెప్పగలవని."

సార్ నన్ను మళ్ళీ ఆ వరండాలోనే నిలబెట్టి, మళ్ళీ కాపాడారు. ఈసారి నాకు తెలియను కూడా తెలియలేదు.

"ఎండనపడి వచ్చావు, కూర్చో" అని అమ్మగారు మంచినీళ్ళు తెచ్చారు. పొడుగాటి స్టీలు గ్లాసు, దాని మీద సార్ పేరు చెక్కి ఉంది. ఫోను ఆనించింది ఈ గ్లాసుకేనా అని అడగాలనిపించింది. అడగలేదు. రెండు చేతులా పట్టుకుని తాగేశాను.

"ఇంకాసిని తెమ్మంటావా?" అని అడిగారావిడ.

ఆ ఒక్క ప్రశ్నకి సమాధానం చెప్పగలిగాను. తెమ్మన్నాను. ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళారు. కుర్చీకి ఎదురుగా స్టూలు అలాగే ఉంది.