దీపాల వేళ మాయమయ్యే రోహన్

మైదుకూరులో పసుపు, శనక్కాయల వ్యాపారం చేసే వేణుగోపాల్ అంటే ఊళ్లో మంచి పేరు. ముప్పై ఏళ్లు నిండకముందే నాయన నాగసుబ్బయ్య వదిలిపోయిన అంగడిని నిలబెట్టాడు. పసుపు ధరలు చూసుకోవాలని 2008లోనే అంగట్లో కంప్యూటరు, ఇంటర్నెట్టు పెట్టించాడు. కూరగాయలమ్మే హంపమ్మతో కూడా మాట తూలేవాడు కాదు. అంతటి మనిషికీ కడుపులో ఒక మంట ఉండేది. దాని పేరు అసూయ. అది వ్యాపారంలో పోటీగాళ్ల జోలికి పోదు. మేనమామ కూతురు శ్రీవాసవి పేరు వింటేనే రాజుకుంటుంది.

వాసవి కడపలో హాస్టల్లో ఉండి ఎంసీఏ చదువుతోంది. తాంబూలాలు పుచ్చుకున్నారు, పరీక్షలు కాగానే పెళ్లి. ఫోటోలు పెట్టుకొని స్నేహితులతో రాసుకునే సైట్లో బావకు పేజీ తెరిచిపెట్టింది ఆ పిల్లే. పాపం, సరదాకి తెరిచింది. వేణుగోపాల్ అందులో మొట్టమొదట చూసింది ఆమె ఫోటో కింద వంశీ అనే క్లాసుమేటు ‘చీర బాగుంది’ అని రాసిన మాట. దానికి వాసవి ‘థాంక్స్’ అంది. ఆ ఒక్క థాంక్సుకు మనవాడికి ఆ రోజు అన్నం సహించలేదు.

వారం తిరక్కముందే ఆ సైట్లోనే రోహన్ పుట్టాడు. బెంగళూరు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, నెట్లో దొరికిన ఎవరో అందగాడి ముఖం. వాసవి ఎంత గట్టిదో చూద్దామని వేణుగోపాల్ కట్టిన వేషం అది. పసుపు కొమ్ము విరిచి చూసి ధర కట్టే అలవాటు మనిషి మీద కూడా చూపాలనుకున్నాడు, బుద్ధిమంతుడు!

రోహన్ పలకరిస్తే ఆమె మొదట జవాబివ్వలేదు. సంతోషించి ఊరుకోవాల్సినవాడు మళ్లీ రాశాడు. మళ్లీ మళ్లీ రాశాడు. చివరికి ఆమె పలికింది. పలికిందని కుమిలిపోయాడు. ‘ఈరోజు పేపరు చేత్తో పట్టుకొని ఫోటో దిగి పంపండి’ అని ఆమె అడిగితే కెమెరా చెడిపోయిందన్నాడు. ‘ఒకసారి గొంతు వినిపించండి’ అంటే మైకు లేదన్నాడు. ‘ఏ హాస్టలు?’ అని తాను అడిగితే మాత్రం ఆమె మాట దాటేసేది. అది గుర్తించే ఓపిక అతనికెక్కడిది? ఆమె రోహన్‌కు పెట్టే నవ్వు బొమ్మల్ని చూసుకుంటూ, నాకెప్పుడైనా ఇన్ని నవ్వులు పంపిందా అని పళ్లు కొరుక్కునేవాడు. తాను పుట్టించిన మనిషి మీద తానే ఏడ్చిన ఘనుడు ఆ బజారు మొత్తంలో ఇతనొక్కడే.

ఆ అంగట్లో నాగసుబ్బయ్య కాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. పొద్దు వాలి దీపం పెట్టే వేళకు బేరం మధ్యలో ఉన్నా సరే లేవాలి. లక్ష్మీదేవి పటం ముందు దీపం వెలిగించి, సాంబ్రాణి పొగ గల్లాపెట్టెకూ, త్రాసుకూ, బస్తాలకూ చూపాలి. పొగ ఆరేదాకా అమ్మకం లేదు, మాట లేదు. శుక్రవారమైతే పూజ ఇంకా పొడుగు. వేణుగోపాల్ ఎంత మంటలో ఉన్నా దీన్ని తప్పలేదు. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా వాసవి ఆ పొగలోనే ఆడుకుంది.

చివరికి రోహన్ ‘ఒంటరిగా కలుద్దామా?’ అని అడిగాడు. వద్దంటుందని అతని ఆశ. ‘ఆదివారం పగలు ఒంటిమిట్ట గుడి దగ్గరికైతే వస్తాను’ అని వచ్చింది జవాబు. వేణుగోపాల్‌కు లోకం మీద నమ్మకం పోయింది.

ఆదివారం కర్నూలులో పని ఉందని అమ్మకు చెప్పి ఒంటిమిట్ట చేరాడు. గోపురం దగ్గర జనంలో నక్కి నిలబడ్డాడు. ఆటో ఆగింది. వాసవి దిగింది, తలలో మల్లెపూలు. ఎవడి కోసం ఈ పూలు అని ఒళ్లు మండిపోయింది. ఆమె వెనకాలే అతని తల్లి వెంకటలక్ష్మమ్మ దిగింది.

“గుడికి పోదాం రా అత్తా అని ఈ పిల్ల పిలిస్తే నేనొస్తి. కర్నూలు పోతాండానని చెప్పి నువ్వు ఈడేం చేస్తాండావురా?” అంది తల్లి.

“రోహన్ ఇంకా రాలేదా బావా?” అంది వాసవి.

“ఎవురే ఆ రోహన్?”

“ఫోటో అడిగితే కెమెరా చెడిపాయ అంటాడు, గొంతు వినిపియ్యమంటే మైకు లేదంటాడు అత్తా. దొంగ పేరు పెట్టుకున్నోడు, తీసెయ్యమని నా రూములో ఉండే శ్రావణి మొదట్లోనే చెప్పింది. తీసేద్దామనే అనుకుంటి. కానీ రోజూ దీపాలు పెట్టే వేళకు మాట మధ్యలో మాయమైతాడు. శుక్రవారమైతే ఇంకా శానాసేపు రాడు. బెంగళూరు ఆఫీసులో సాంబ్రాణి ఎవురేస్తారు అత్తా?”

వెంకటలక్ష్మమ్మ కొడుకు వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు.

“తెలిసీ నాతో ఆడుకుంటివా?” అన్నాడు గొణుగుతూ.

“ఆడుకోలేదు బావా. ఎవురో దొంగోడు అనుకున్నన్నాళ్లు నాకు బయం లేదు. వాన్ని తీసేస్తే పోతాడు. నువ్వేనని తెలిసినాకనే బయమేసింది. ఈ పొద్దు నవ్వి చెప్తాడు, రేపు చెప్తాడు అని చూస్తి. నువ్వేమో ఒంటరిగా రమ్మంటివి.” ఆమె కళ్లు తుడుచుకుంది. “మా నాయనకు ఇంకా చెప్పలేదు. ఇంటికి పొయ్యి నీ సొంత పేరుతో నాకొక మాట రాయి. నా మింద నమ్మకం ఉండాదని తెలిసేట్టు రాయి. పెండ్లి సంగతి అది చూసినాక మాట్లాడుకుందాం.”

“నా తమ్మునికి ఏం మొగం చూపియ్యాలరా?” అంది తల్లి. కొడుకును వెంటబెట్టుకొని బస్సెక్కింది.

మైదుకూరు చేరేసరికి దీపాల వేళయింది. అంగట్లో కంప్యూటరు ముందు కూర్చున్న అతను మొదటిసారి దీపానికి లేవలేదు. తల్లే వెలిగించింది. అతను రోహన్‌ను తుడిచేశాడు. తన పేజీ తెరిచి ‘తప్పయింది వాసవీ, నిన్ను నమ్ముతున్నాను’ అని టైపు చేశాడు. నిజంగానే ఏడుపొచ్చింది. పంపబోతూ, ఒక్కసారే అనుకొని, ఆమె పేజీలోకి తొంగి చూశాడు. అక్కడ వంశీ ఆ పొద్దుటే రాసి ఉన్నాడు, ‘పరీక్షలు బాగా రాయి’ అని.

వేణుగోపాల్ తాను రాసిందంతా చెరిపేశాడు. ‘నీ పరీక్షలతో వంశీకి ఏం పని?’ అని రాసి పంపించాడు.

వెనకాల వాళ్లమ్మ ఇంకా త్రాసుకు పొగ చూపిస్తూనే ఉంది.