ఓడినవాడి వీపు మీది మన్ను

మంగళవారం పొద్దున కోటగిరిలో నాట్లు వేయిస్తుంటే బాన్సువాడ నుంచి సైకిల్ మీద మనిషి వచ్చి, మా కుస్తీ తాలీం ఉస్తాద్ పోయారని చెప్పాడు. బురద కాళ్లతోనే బయలుదేరాను. మా బాన్సువాడ కుర్రాళ్లకు ముప్పై ఏళ్లు కుస్తీ నేర్పిన మనిషి. దారంతా ఏడ్చాను. కానీ ఆయనను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గెలిచినట్టే ఉంటుంది.

ఆయన కోరిక ఒక్కటే. ఏటేటా జరిగే కుస్తీల పోటీ ఒక్కసారైనా బాన్సువాడలో జరగాలి. నిజాంసాగర్ నీళ్లు కాలువల్లోకి వచ్చిన కొత్త అది. కోస్తా నుంచి వచ్చిన రైతులు, మా పాత కాపులు ఒకే గట్టు మీద నడుస్తూ పలకరించుకోని రోజులు. "నలుగురు మనింటికొస్తే ఇంట్లోళ్లు ఒక్కటైతరు రా" అనేవారు ఉస్తాద్. పోటీ ముగిసిన సాయంత్రం, వచ్చిన ఊళ్ల పెద్దలంతా కూర్చుని వచ్చే ఏడు ఏ ఊరికో తేల్చేవారు. మాకంటే మాకని ఊళ్లు పోట్లాడుకునేవి.

ఒక ఏడు బిచ్కుందలో పోటీ. ఆఖరి కుస్తీ నాది. జుక్కల్ పహిల్వాన్ వీపుకు మన్ను అంటించి గెలిచాను. ఊరుకుంటానా? గోదా చుట్టూ మూడుసార్లు తిరిగి తొడ కొట్టాను. సాయంత్రం బాన్సువాడ పేరు రాగానే జుక్కల్ పెద్దాయన లేచాడు.

"గా ఊరికి పోతే కూడు పెడతరో, తొడ కొడతరో ఎవలకెరుక?"

అందరూ నవ్వారు. పోటీ వేరే ఊరికి పోయింది.

తిరుగు బండిలో "గెలిచిన గద ఉస్తాద్" అని గొణిగాను.

"వాన్ని గెలిచినవ్, వాని ఊరిని పోగొట్టుకున్నవ్. కొడితే లొంగుతరు రా, పిలిస్తే వస్తరు" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఏడంతా కొత్త సాధన. గెలిచినవాడు తన ఒళ్లు దులుపుకోకముందే, తన తువ్వాలతో ఓడినవాడి వీపు తుడవాలి. నాకు చెయ్యి రాలేదు. "నీ చెయ్యి అరుగుతదా?" అని దెప్పి, నన్ను పడగొట్టి, నా వీపు తానే తుడిచి చూపించారు.

మరుసటి పోటీలో మళ్లీ ఆ జుక్కల్ పహిల్వానే ఎదురయ్యాడు. మళ్లీ నేనే గెలిచాను. తువ్వాల తీసి అతని వీపు తుడిచాను. సాయంత్రం ఆ పెద్దాయనే ముందుగా లేచి, "వచ్చే ఏడు బాన్సువాడకే పోదం" అన్నాడు.

ఆ సంబరం ఏమని చెప్పను. ఊళ్ల బండ్లతో దారి నిండిపోయింది. ఉస్తాద్ గోదా మట్టిలో మజ్జిగ, పసుపు కలిపి తొక్కించారు. కోస్తావాళ్లు కొత్త బియ్యం వండారు, మా ఇళ్ల నుంచి జొన్నరొట్టెలు వచ్చాయి.

"ఓడినోళ్లకు ముందు వడ్డించుండ్రి" అని ఉస్తాద్ హుకుం.

"మరి గెలిచినోళ్లకండీ?" అన్నాడు ఒక కోస్తా రైతు.

"వాళ్లకు ఇయ్యాల ఆకలెక్కడిది బావా?"

ఆ పిలుపుకు ఆ రైతు నవ్వి గంటె అందుకున్నాడు. మర్నాటి నుంచి గట్ల మీద బావా అంటే బావా అనుకోవడమే.

ఆటలు మా దగ్గర పెట్టండంటే మా దగ్గర పెట్టండని దేశాలు పోటీ పడుతున్నాయని ఈమధ్య పత్రికలో చదివి ఆయనకు వినిపించాను. "ఓడినోని వీపు ఎవలు తుడుస్తరో అడుగు" అన్నారు.

మంగళవారం ఆయనను వాకిట్లో నేల మీద పడుకోబెట్టి ఉంచారు. పాడె మీదికి ఎత్తబోతుంటే జుక్కల్ పహిల్వాన్ ముందుకు వచ్చాడు. మీసం నెరిసింది. "జర ఆగుండ్రి" అన్నాడు. మేము ఉస్తాద్‌ను పక్కకు ఒరిగించి పట్టుకున్నాం. అతను భుజం మీది తువ్వాల తీసి, ఆ వీపుకు అంటిన మన్నును మెల్లగా, కొంచెం కూడా మిగలకుండా తుడిచాడు. ఆ తర్వాతే ఎత్తాం.