క్లచ్ తొక్కని ఉదయం

మధ్యాహ్నం రెండూ ఇరవైకి ఆర్మీ పోస్టుకు చేరాం. లద్దాఖ్‌లో తారురోడ్డు అయిపోయే చోటు. పధ్నాలుగు వేల అడుగుల పైన. మూడు రేకుల బంకర్లు, డీజిల్ పీపాలు, సగం గడ్డకట్టిన ఏరు, రాళ్ళు పేర్చి కట్టిన నడుమెత్తు గోడ. చెట్టన్నది లేదు. లారీ దిగి పది అడుగులు వేసేసరికి ఆయాసం వచ్చింది. కిట్‌బ్యాగ్ కింద పడేసి దాని మీదే కూర్చున్నాను. అప్పటికి నాది పన్నెండేళ్ళ సర్వీసు, అంతా మైదానాల్లోనే. రాజస్థాన్ ఎండలో బండి తోలినవాణ్ణి, ఈ చలి నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. అంత పొగరుండేది.

నేను ఆర్మీలో డ్రైవర్‌గా చేశాను. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఏ పెళ్ళికి పోయినా తుపాకీ గురించే అడుగుతారు. నేను మోసింది బియ్యం, కిరోసిన్, ఉల్లిగడ్డలు. వినేవాళ్ళకు నిరాశే.

ఆ లారీకి ఇద్దరం డ్రైవర్లం. రెండోవాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాడు. మాది నల్గొండ పక్క పల్లె, ఎల్‌బీ నగర్‌లో కిరాయి ఇల్లు. మా రెండిళ్ళ నడుమ రెండే మెట్రో స్టేషన్లు. కలుసుకోవడానికి మాత్రం హిమాలయాలు ఎక్కాల్సి వచ్చింది. వాడు నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి.

“ఏంటన్నా, ఇంత దూరం వచ్చి కూడా దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్ గురించేనా మన మాటలు?” అని నవ్వేవాడు.

మొదటి సాయంత్రమే హవల్దార్ మా ఇద్దరినీ బండి దగ్గర నిలబెట్టి హిందీలో మూడు ముక్కలు చెప్పాడు. హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, తెల్లారేసరికి గడ్డకట్టి పట్టేస్తుంది. మొదటి గేర్‌లో పెట్టి, వెనక టైర్ల కింద రాళ్ళు పెట్టండి. స్టార్ట్ చేసేటప్పుడు క్లచ్ నేలకంటా తొక్కండి.

“క్లచ్ ఎందుకు సార్?” అన్నాను. పన్నెండేళ్ళ సర్వీసున్నవాడికి కొత్త పాఠమా అన్న చిరాకు నా గొంతులో ఉండే ఉంటుంది.

“ఈ చలికి గేర్‌బాక్స్‌లో నూనె గడ్డపెరుగవుతుంది. క్లచ్ తొక్కితే స్టార్టర్ ఇంజన్ ఒక్కదాన్నే తిప్పుతుంది. తొక్కకపోతే ఆ పెరుగును కూడా చిలకాలి. బ్యాటరీకి అంత ఓపిక లేదు. పైగా బండి గేర్‌లో ఉంటుంది, మరిచిపోకు.”

పదకొండు రోజులు మరిచిపోలేదు.

మైదానాల్లో నాకు ఒక అలవాటుండేది. నా ఒక్కడికే కాదు, పాత డ్రైవర్లందరికీ ఉండేది. రాత్రి బండిని న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ మీద వదిలేస్తాం. పొద్దున సీట్లోకి ఎక్కం. ఫుట్‌బోర్డు మీద నిలబడి, చెయ్యి లోపలికి పెట్టి, తాళం తిప్పి దిగిపోతాం. ఇంజన్ వేడెక్కేలోగా చాయ్ తాగుతాం. క్లచ్ ప్రసక్తే లేదు, కాళ్ళు బయటే ఉంటాయి కదా.

పన్నెండో రోజు. ఉదయం ఆరూ పది. మైనస్ ఇరవై రెండు. గాలి లేదు. పైపోస్టుకు రేషన్ తీసుకుని ఆరూ నలభై ఐదుకు కదలాలి. రాత్రంతా తలనొప్పితో నిద్ర లేదు. నిద్ర లేకపోవడం సాకు కాదు, ఉన్నది చెబుతున్నాను.

బంకర్ లోంచి రేడియో ఆపరేటర్ అరిచాడు. “పైపోస్టు అడుగుతోంది. బండి సిద్ధమా?”

“పది నిమిషాలని చెప్పు” అన్నాడు హవల్దార్.

బండి ముక్కు గోడ వైపు, కాస్త ఎత్తుకు నిలబెట్టి ఉంది. ముందటి సాయంత్రం గేర్‌లో పెట్టింది నేనే. తమ్మీ వేడినీళ్ళ కెటిల్‌తో ముందుకు పోయాడు. ఒక కాలు బంపర్ మీద, ఒక కాలు గోడ మీద పెట్టి, అద్దం మీది మంచు కరిగిస్తున్నాడు.

“అన్నా, అద్దం తుడిచేస్తున్నా. ఒక్క నిమిషం ఆగు.”

“నువ్వు తుడుస్తుండు తమ్మీ. గంతల ఇంజన్ వేడైతది.”

ఈ మాట అన్నది నేనే. ఎవరూ తొందర పెట్టలేదు. ఫుట్‌బోర్డు ఎక్కాను. చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పాను.

బండి ఒక్క ఎగురు ఎగిరి గోడకు కొట్టుకుని ఆగిపోయింది. మూరెడు దూరం, అంతే. గోడ మీదున్న వాడి కుడికాలు జారి బంపర్‌కూ రాళ్ళకూ మధ్య పడింది. గేర్‌లో ఉన్న బండి వెనక్కి రాదు. నేను సీట్లో పడి క్లచ్ తొక్కితే అప్పుడు వెనక్కి జరిగి టైర్ల కింది రాళ్ళ మీద ఆగింది. హవల్దారూ ఇంకో ఇద్దరూ వాణ్ణి లాగారు.

వాణ్ణి మోసుకుపోయాక కూడా నేను క్లచ్ మీంచి కాలు తియ్యలేదు. తీస్తే బండి మళ్ళీ ఎగురుతుందని భయం. ఇంజన్ ఆగిపోయి ఉందని తెలుసు. అయినా భయమే. హవల్దార్ వచ్చి తలుపు తీశాడు. “దిగు. ఇక ఏం కాదు” అన్నాడు. నా మోకాలు పట్టుకుని ఆయనే పక్కకు జరిపాడు.

రేడియోలో మాటలు వినపడుతున్నాయి. “ఒకరికి దెబ్బ. కాలు. హెలికాప్టర్ కావాలి.”

“లోయలో మబ్బు. రావడం కుదరదు. రోడ్డున పంపండి.”

రోడ్డున ఏడు గంటలు. ఆసుపత్రిలో వాడి కాలు మోకాలి కింద తీసేశారు.

విచారణ వాడు పడుకున్న మంచం దగ్గరే జరిగింది. అధికారి అడిగితే నా తమ్మీ తడుముకోకుండా చెప్పాడు. “గేర్‌లో పెట్టింది నేనే సార్. అన్నకు చెప్పడం మర్చిపోయా. ఆగమని కూడా అనలేదు.”

అధికారి నా వైపు తిరిగాడు. “అంతేనా?”

“అంతే సార్” అన్నాను.

నా సర్వీసు మిగిలింది. పింఛను మిగిలింది. ఆ రెండు మాటల ఖరీదు వాడు కట్టాడు, కాగితాల్లో తప్పు వాడి పేరునే పడింది. ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ పోస్టులో ఇంకో ఐదు నెలలున్నాను. రోజూ క్లచ్ నేలకంటా తొక్కాను.

తిరిగి వచ్చాక నేరుగా దిల్‌సుఖ్‌నగర్ పోయాను. నిజం చెప్పేయాలనే పోయాను. తలుపు తీసింది వాళ్ళమ్మ. నా చేతులు రెండూ పట్టుకుంది.

“మా వాణ్ణి నువ్వే బయటికి లాగావంట కదా బాబూ! రోజూ నీ గురించే చెప్తాడు. కూర్చో, కాఫీ తెస్తాను.”

తమ్మీ కుర్చీలో ఉన్నాడు. కొత్త కాలు గోడకు ఆనించి ఉంది. వద్దన్నట్టు తల ఊపాడు. కాఫీ తాగాను. నిజం చెప్పకుండానే వచ్చేశాను. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆమెకు నిజం తెలియనే లేదు.

ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతున్నాను. మొన్న అల్మాస్‌గూడ నుంచి వచ్చే ఒకావిడ విసుక్కుంది.

“న్యూట్రల్ల ఉంది, హ్యాండ్‌బ్రేక్ ఏసిన. మళ్ల క్లచ్ గూడ తొక్కాల్నా సార్? మా ఆయన పాత కారు ఊకెనే స్టార్టయితది.”

“పాతదాంట్ల గా స్విచ్చి లేదమ్మా. దీంట్ల క్లచ్ మీద చిన్న స్విచ్చి ఉంది. మీరు న్యూట్రల్ల పెట్టిన్రో, పెట్టిన అనుకుంటున్రో దానికి తెల్వది. కాలు కిందికి పోయిందా లేదా, గంతే చూస్తది.”

“ఒక్కపారి మర్చిపోతే ఏమైతది?”

“ఏం కాదమ్మా. స్టార్ట్ కాదు.”

అని కిటికీ వైపు తిరిగాను. ఏం కాదు. ఇంత చిన్న మాట. ఆ రోజు నా బండిలో ఆ స్విచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. తాళం తిరిగేది, బండి కదిలేది కాదు, తమ్మీ నన్ను ఆటపట్టించేవాడు.

ఇది రాస్తానని నిన్న వాడికి ఫోన్ చేశాను. “రాసుకో అన్నా. ఇంకా మోసుకు తిరుగుతున్నావా?” అన్నాడు.

పోస్టు మరపున పడుతోంది. బంకర్లు ఎన్నో కూడా ఒక్కోసారి తడుముకుంటాను. పోనిది ఒక్కటే. నేను సీట్లోకి పడ్డప్పుడు అద్దమంతా తెల్లటి మంచు. వాడు తుడిచిన చోట మాత్రం అరచేయంత నల్లగా ఉంది. అందులో వాడి మొహం. అరవడం లేదు. నన్నే చూస్తూ, నోరు మెల్లగా కదుపుతూ, కొత్తగా నేర్చుకునేవాడికి చెప్పినట్టు చెబుతున్నాడు: క్లచ్ తొక్కు అన్నా, క్లచ్.