ఉతకకూడని గుడ్డ

ఎస్తేరక్క ఇక లేదు.

నిన్న పొద్దున షాపు తెరిచి మొదటి షర్ట్ ఇస్త్రీ చేస్తుంటే బోధన్ నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ పోయింది." టీ తాగి కుర్చీలో కూర్చుందట. మళ్లీ లేవలేదట.

తర్వాత అతనే అడిగాడు. "అమ్మ చర్చి గౌను నీ దగ్గరనే ఉన్నది గదా అన్నా. జర తెస్తవా?"

తెస్తానన్నాను. ఫోన్ పక్కన పెట్టి ఆ షర్ట్ పూర్తి చేశాను. కాలర్, చేతులు, అన్నీ. ఎందుకు చేశానో తెలియదు. మొన్న ఆదివారమే ఫోన్లో నవ్విన మనిషి. నమ్మబుద్ధి కాలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. నిజామాబాద్‌లో నా డ్రైక్లీనింగ్ షాపుకు ఆమె కస్టమర్. వాళ్ల చర్చి క్వయర్ వేసుకునే తెల్ల గౌన్లన్నీ పండగల ముందు సంచిలో కుక్కుకొని బోధన్ బస్సులో తెచ్చేది. అక్కడ షాపులు లేవా అక్కా అంటే, "ఉన్నయ్. నీ అంత పిచ్చోడు లేడు. మరక కనవడితె నీకు అన్నం దిగది" అనేది.

అది నిజమే.

పోయిన వానాకాలం షాపులో ఎలుకలు పడ్డాయి. ఒక కస్టమర్ పట్టుచీర అంచు కొరికేశాయి. పిల్లిని తెచ్చి డ్యూటీలో పెడదామనుకున్నాను. అప్పటిదాకా నేను ఏ జంతువునూ పెంచలేదు.

అక్క ముందే చెప్పింది. "పిల్లి నౌకరి చెయ్యది తమ్మీ. ముందుగాల దాన్ని ఇంట్ల కలుపుకో."

తర్వాతి వారం గౌన్ల సంచి ఒక చేత్తో, వైర్ బుట్ట ఒక చేత్తో దిగింది. బుట్టలో పాత నీలం చీర ముక్క, అందులో వాళ్లింటి పిల్లి పెట్టిన బూడిద రంగు చారల కూన. రెండు నెలలది.

షాపు పైనే మా ఇల్లు. ఒకటే రూమ్‌లో ఉంచమంది. టబ్బులో ఇసుక పోసి ఒక మూలకు, తిండి ఇంకో మూలకు పెట్టమంది. పాలు పోయొద్దు, ఉడికిన కోడి ముక్కలు చిన్నగా చేసి పెట్టమంది. దాక్కుంటే గుంజొద్దంది.

చివరికి, "ఈ గుడ్డ దాని పక్కనుంచి తియ్యకు" అంది.

నేను తీయలేదు. రెండో రోజు ఆ గుడ్డ వాసన భరించలేక వేడినీళ్లలో ఉతికాను. గంజి పెట్టాను. ఇస్త్రీ చేశాను. నాలుగు మడతలేసి మళ్లీ దాని పక్కనే పెట్టాను.

కూన ఒకసారి వచ్చి వాసన చూసింది. బీరువా వెనక్కి పోయింది. ఇక రాలేదు.

ఆ రోజంతా తినలేదు. మర్నాడు పొద్దున కూడా గిన్నె ముట్టలేదు. ఏడుపు కూడా ఆగిపోయింది, దాంతో ఇంకా భయమేసింది. చీపురుతో ఇటు తోయబోతే చేయి రక్కింది. మా ఆవిడ అయితే, "సచ్చిపోతె మనకే పాపం. తీస్కపోయి దాని తల్లి కాడ ఇడిసి రాండ్రి" అంది.

అక్కకు ఫోన్ చేశాను.

"గుడ్డ ఉన్నదా?"

"ఉన్నది అక్కా. మంచిగ ఉతికి పెట్టిన."

"ఆ గుడ్డల దానికి తల్లి ఉండె తమ్మీ. ఉతికి ఆరేసినవా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నానికి బోధన్ బస్సు దిగింది. మోకాళ్ల నొప్పితో మా మెట్లెక్కింది. అదే చీర రెండో సగం తల్లిపిల్లి కింద ఉంటే తీసుకొచ్చింది. బీరువా జోలికి పోలేదు. నేల మీద కూర్చొని, గుడ్డ ఒళ్లో పరుచుకొని, కింద షాపు నుంచి కస్టమర్ల బట్టలు, నంబర్ చీటీలు తెప్పించుకొని ఒక్కొక్క బట్టకూ పిన్ చేసింది. నోట్లో ఏదో క్వయర్ పాట.

"కొత్త జాగ గదా. ఎరికైన వాసన ఒకటి పక్కన ఉండాలె. అప్పుడే కంటికి నిద్ర వస్తది" అంది, నా వైపు చూడకుండానే.

రెండు గంటలు పట్టింది. నాలుగింటికి కూన మెల్లగా వచ్చి ఆ గుడ్డ మీద పడుకుంది. లేచి గిన్నె మొత్తం నాకింది.

పేరు గుండీ. రాలిపడిన గుండీలతోనే ఆడుతుంది కాబట్టి. ఇంతవరకు ఒక్క ఎలుకను కూడా పట్టలేదు. ఇస్త్రీ చేసిన బట్టల మీదే పడుకుంటుంది. ఈస్టర్‌కు ఒక గౌను నిండా దాని వెంట్రుకలే. నేను తల కొట్టుకుంటుంటే అక్క ఆ గౌను లాక్కుంది. "ఇది నేనే తొడుక్కుంట. నా మనుమరాలియే గదా" అంది.

తర్వాత మళ్లీ ఉతకడానికి ఇచ్చి పోయింది. నిన్న ఆమె కొడుకు అడిగింది ఆ గౌనే.

నాకు చేతనైనంత బాగా ఇస్త్రీ చేశాను. తర్వాత పైకి పోయాను. గుండీ ఆ నీలం గుడ్డ మీదే పడుకుని ఉంది. అప్పటినుంచి ఇప్పటిదాకా దాన్ని నేను ఉతకలేదు. సగం చించి గౌనుతో పాటు పెట్టుకున్నాను. సగం గుండీకి వదిలేశాను.

బోధన్‌లో ఆ ముక్క తీసి ఆమె కొడుక్కి చూపించాను. అతనే గుర్తుపట్టాడు.

"అమ్మ చీర గదా. ఉతికినవా అన్నా?"

"లేదు తమ్మీ."

అతనే తీసుకొని పెట్టెలో ఆమె చేతి కింద పెట్టాడు. అప్పుడు ఏడ్చాను.

సాయంత్రం భూస్థాపన అయిపోయింది.

కొత్త జాగ అక్కా. మంచిగ నిద్రపో.