నా కడుపుకు జ్వరమని పేరు పెట్టారు

ఆ రోజు పెద్దారవీడు దగ్గర జొన్నచేలో కలుపు తీస్తున్నాను. తోటి కూలీ ఒకామె సద్దిమూట విప్పింది. ఉల్లిపాయ వాసన తగలగానే కడుపులో తిప్పి, గట్టు మీదే కక్కుకున్నాను. అప్పటికే నెల తప్పింది కనుక వేవిళ్లేనని నాకు తెలుసు. అంతకుముందు ఏడాది ఒక కడుపు మూడో నెల నిండకుండానే పోయింది. ఇదైనా నిలవాలని నా ఆశ.

ఇంటికొచ్చి చెబితే అత్త ముందు తలుపు దగ్గరికి వేసింది. "మూడో నెల దాటేదాకా నోరు మెదపొద్దు. పోయినసారి ఊరంతా తెలిసే దిష్టి తగిలింది" అంది. సరే అన్నాను. దిష్టి సంగతేమో గాని వాంతులు ఆగలేదు. గంజి నిలవదు, మజ్జిగ నిలవదు, చివరికి మంచినీళ్లు కూడా నిలవలేదు. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి. నాలుక పిడచకట్టుకుపోయింది.

చూడలేక మా ఆయన సంతలో మందులమ్మే ఒక కాంపౌండరును పిలుచుకొచ్చాడు. నల్లమల అంచున బతికేవాళ్లం, ఎవరు మంచాన పడ్డా చలిజ్వరమే అనుకుంటారు. కాంపౌండరు గడప దగ్గరే నిలబడి, "ఏందమ్మా, జ్వరమా?" అని అడిగాడు. నన్ను కాదు, అత్తను. "ఆ, జ్వరమే నాయనా" అంది అత్త. ఒళ్లు కూడా ముట్టి చూడకుండా చలిజ్వరానికిచ్చే క్వినైన్ మిక్స్చర్ సీసా ఇచ్చి పోయాడు. మంచం మీద ఉన్నది నేను, నోరున్నదాన్ని. అయినా పరాయి మగవాడి ముందు కోడలు కడుపు మాట ఎత్తకూడదట! ఆ చేదు పూటపూటకూ పోశారు. చెవుల్లో హోరు మొదలైంది. ఆ తర్వాత చీరకు నెత్తురు మరక కనిపించింది.

మరక చూశాక నేనిక ఊరుకోలేదు. "ఆస్పత్రికన్నా తీసకపో, లేకుంటే మా నాయన ఇంటికన్నా పంపు" అని మా ఆయన మీద అరిచాను. బండి కట్టించి, రైలెక్కించి ఒక మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడా అత్తది అదే పాట, "జ్వరమమ్మా" అని. లేడీ డాక్టరు థర్మామీటర్ పెట్టి చూసి, "జ్వరం లేదే" అంది.

"నాకు నెల తప్పింది డాక్టరమ్మా. ఇది మూడో నెల. క్వినైన్ పోసినారు" అని నేనే చెప్పాను. అత్త నా తొడ గిల్లింది.

"జ్వరం లేని మనిషికి క్వినైన్ ఎందుకు పోశారు? అందులోనూ కడుపుతో ఉన్న మనిషికి! ఈ పిల్ల ఒంట్లో నీళ్లే లేవు" అని డాక్టరమ్మ కేకలేసింది.

సెలైన్, గ్లూకోజ్ ఎక్కించారు. మంచం దిగొద్దన్నారు. తగ్గిన బ్లీడింగ్ మళ్లీ కనిపించి నన్ను ఏడిపించింది. "నిలుస్తుందా అమ్మా?" అని అడిగితే, "మాట ఇవ్వలేను. ఈ నెల దాటనీ" అంది డాక్టరమ్మ. నా కడుపు గురించి నాతో నిజం మాట్లాడిన మొదటి మనిషి ఆమే. చెంచాతో నీళ్లు తాగుతూ మూడో నెల అక్కడే దాటించాను.

తిరిగొచ్చిన ఆదివారం మా ఏసుప్రభువు గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారు, "ఈ సహోదరి జ్వరం తగ్గించినావు, నీకు స్తోత్రం ప్రభువా" అని ప్రార్థన చేస్తున్నారు. అత్త ఆయనకూ జ్వరమనే చెప్పింది! దేవుడితో కూడా అబద్ధమేనా అని నాకు ఒళ్లు మండిపోయింది. చాప మీది నుంచి లేచి, "జ్వరం కాదయ్యా, నాకు కడుపు. మూడో నెల దాటింది. దానికి చెప్పండి స్తోత్రం" అన్నాను. మగవాళ్లు తలలు దించుకున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి మాత్రం ఎవరో గట్టిగా "ఆమెన్" అన్నారు.

ఇప్పుడు నా కూతురికి పళ్లు వస్తున్నాయి. అత్త దాన్ని చంక దించదు. ఆ కాంపౌండరు మాత్రం ఇంకా సంతలో అదే సీసా అమ్ముతున్నాడు, ఇంకా అత్తలనే అడుగుతున్నాడు. అక్కల్లారా, మూడో నెల దాటేదాకా ఊరికి చెప్పకపోతే మీ ఇష్టం. మందిచ్చే మనిషికి మాత్రం, మగవాడైనా సరే, సీసా మూత తీయకముందే "నాకు నెల తప్పింది" అని మీ నోటితో మీరే చెప్పండి. సిగ్గు ఇంటిల్లిపాదిదీ కావచ్చు, మందు దిగేది మన గొంతులోనే.