తూము వెతికిన శనివారం

మా ముత్తాత ఈ చెరువు కింది ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. తాత పోలీసు పటేల్. పటేల్ పదవులు రద్దయిన తర్వాత కూడా చనిపోయే వరకు ఆయనను ఎవరూ మరో మాటతో పిలవలేదు. కట్ట మీద ఆయన నిలబడే నల్లరాయి ఒకటి ఉండేది. దాని మీద ఇంకెవరూ కాలు పెట్టేవారు కాదు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ముందు నీళ్లు పారాలో అక్కడి నుంచే చెప్పేవాడు. ఆ చెరువు పక్కన పెట్టిన ప్రకృతి కేంద్రానికి పని అడగడానికి వెళ్లినప్పుడు, చెప్పుకోవడానికి నాకు ఇంతకు మించిన అర్హత లేదు.

కేంద్రమంటే రేకుల షెడ్డు, మొక్కల నర్సరీ, వానపాముల ఎరువు తొట్లు, నాలుగు బల్లలు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లు కలిసి నడుపుతున్నారు. గచ్చిబౌలి నుంచే కాదు, బాచుపల్లి బడుల నుంచి కూడా పిల్లలు బస్సుల్లో వస్తారు. మట్టి పిసుకుతారు, చెరువు నీళ్లు సీసాల్లో పట్టి రంగు చూస్తారు, వలలతో పురుగులు పట్టి భూతద్దం కింద పెడతారు. చెరువు గురించి చెప్పడానికి ఒక మనిషి కావాలని గేటుకు కాగితం అంటించారు. అప్పటికి నేను ఒక ఆఫీసు టవర్‌లో సూపర్‌వైజర్ పని మానేసి నాలుగు నెలలు. కిరాయి ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. బాల్కనీకి, వంటింటికి, లిఫ్టు దాకా, మళ్లీ బాల్కనీకి. ఆ కాగితం చూసిన రోజు నుంచి ఒకటే ఆరాటం. మా చెరువు గురించి ఇంకెవరో వచ్చి చెబుతారా?

కేంద్రం చూసుకునే మేడమ్‌ది భీమవరం వైపు. "రెండు శనివారాలు చూద్దామండి. పిల్లలకు నచ్చితే అప్పుడు ఖాయం చేసుకుందాం" అంది. మొదటి శనివారం గంటసేపు మాట్లాడాను. పిల్లలు ఆవలించారు. "ఉపన్యాసాలు వద్దండి, చేతులకు పని చెప్పండి" అని ఆమె రెండోసారి ముందే హెచ్చరించింది.

ఎండాకాలం. నీళ్లు వెనక్కి తగ్గి కట్ట పొడవునా బురద బయటపడింది. పాత తూమును పిల్లలతో వెతికిద్దామన్నాను. కట్ట మీద నడకదారి వేసినప్పుడు అది మట్టి కింద పూడిపోయింది. ఎక్కడుందో నాకు తెలుసు. కట్ట మీద ఇంకా అలాగే ఉన్న తాత నల్లరాయికి ఎదురుగా చెయ్యి చూపించాను. పిల్లలు రబ్బరు బూట్లు వేసుకుని, వెదురు కర్రలు పట్టుకుని దిగారు. నాకూ ఒక జత బూట్లు ఇవ్వబోతే వద్దన్నాను. ఇస్త్రీ ప్యాంటుతో, తోలు చెప్పులతో దారి మీదే నిలబడ్డాను.

అరగంట గడిచింది. నేను నాలుగు అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు తిరుగుతున్నాను.

"అంకుల్, చిప్స్ ప్యాకెట్లు తప్ప ఏం దొరకట్లేదు!"

"ఈడనే ఉంటది. ఇంకొంచెం లోతుగా పొడవండి."

"మీ తూముకు ట్రాన్స్‌ఫర్ అయిందేమో అంకుల్!"

అందరూ పకపకా నవ్వారు. మేడమ్ ఫోన్‌లో టైమ్ చూసుకుంది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. అప్పుడు నర్సరీలో మొక్కల సంచులు నింపుతున్న ఆవిడ లేచి వచ్చింది. తాత హయాంలో తూము తీసి మూసే నీరటికి కోడలు. దాదాపు నా ఈడుది.

"పటేలా, పొద్దుగూకేదాంక పొడిచినా గీడ దొరకది. తూము గా కానుగచెట్టు ముంగట ఉన్నది."

కానుగచెట్టు చాలా దూరంలో ఉంది.

"నీకెట్ల తెలుసు? నీరటి ఈడనే దిగుతుండె. తాత పక్కన నిలబడి నా కండ్లతోని చూసిన."

"దిగుడు ఈడనే. పటేల్ చూస్తుండంగ నీళ్లల్ల అడుగు వెట్టాలె, గది రివాజు. ఆడికెల్లి గడ్డపార పట్టుకొని కట్ట పొంటి ఈదుకుంట పోతుండె మా మామ. మీ తాత రాయి దిగి గంత దూరం నడుస్తడా ఏంది?"

ఒక పిల్ల అడిగింది. "ఈదడం ఎందుకు ఆంటీ? కట్ట మీద నడిచి వెళ్లొచ్చు కదా?"

"పటేల్ నిలబడ్డంక ఆయన ముంగటికెల్లి నడిచిపోవద్దు బిడ్డా."

నా చెవులు వేడెక్కాయి. నీరటి తల నీళ్లలో మునగగానే, ఎండగా ఉందని తాత నన్ను ఇంటికి పంపేసేవాడు. మిగిలింది నేనే ఊహించుకున్నాను. ఊహ అని కూడా ఏనాడూ అనుకోలేదు. ఆటో పట్టుకుని వెళ్లిపోదామా అనిపించింది.

"చరిత్ర చెప్పే పని ఆవిడకే ఇవ్వమంటారా అండి?" అని మేడమ్ మెల్లగా అడిగింది. వెటకారం లేదు, నిజంగానే అడుగుతోంది.

కానుగచెట్టు దాకా నడిచి, చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి దిగాను. "అంకుల్ దిగిండ్రా!" అని పిల్లలు అరుచుకుంటూ వెంట వచ్చారు. బురద పిక్కల దాకా వచ్చింది. కుళ్లు వాసన. పై నుంచి ఆవిడ చెబుతోంది: "జర ఎడమకు, పటేలా. ఇంక జర. ఇగ ఆగు."

కర్ర రాయికి తగిలింది. పిల్లలు చేతులతోనే తవ్వారు. ముందు రాతి అంచు కనిపించింది, తర్వాత గుండ్రటి కంత. ఒకడు అందులో మోచేయి దాకా పెట్టి కేకలు వేశాడు.

"ఇకనుంచి మీరిద్దరూ కలిసి చెప్పండి" అంది మేడమ్. కలిసి అన్న మాట మింగుడుపడలేదు. అయినా తల ఊపాను.

ఇందాకటి పిల్ల కట్టెక్కి అవతలి వైపు చూస్తోంది. అటు అద్దాల మేడలు, వరసగా ఆగిన ఆఫీసు బస్సులు.

"నీళ్లు ఇటే వెళ్లేవి కదా అంకుల్. మరి పొలాలేవి?"

నీరటి కోడలికి జవాబు తెలుసు. అయినా ఆ మాట నాకే వదిలేసింది. బురద చేతులతో అక్కడే నిలబడి చెప్పాను. తూము కింది పొలాలు మా నాన్న అమ్మాడు. చివరి రెండు మడులు నేను అమ్మాను.